తాగుడు మానినవానికి ఉపవాసం వద్దు

మన సంఘ కుటుంబాల్లో ఒక అలవాటు చూస్తున్నాను. ఇంట్లో తాగే మనిషి ఒకరోజు కన్నీళ్లతో "ఇక ముట్టను" అంటాడు. ఇంటిల్లిపాదికీ సంతోషం. మరునాటి నుండే అతని చేత మూడు రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టిస్తారు. ప్రార్థన విషయంలో నాకు రెండో మాట లేదు. ఉపవాసం విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఉండాలనుకుంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారు ఉండండి, అతనికి అన్నం పెట్టండి. యాయీరు కుమార్తె లేచినప్పుడు ప్రభువు ఆమెకు తినడానికి పెట్టమని చెప్పిన సంగతి మనందరికీ తెలిసినదే.

ఏళ్ల తరబడి రోజూ తాగేవాని ఒంట్లో అప్పటికే కరువు ఉంటుంది. ఒక క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్ల విస్కీలో గానీ బ్రాందీలో గానీ సుమారు 400 కేలరీలు ఉంటాయి. దానితో ఆకలి చచ్చిపోతుంది. కాని అందులో మాంసకృత్తులు లేవు, విటమిన్లు లేవు. తిన్న కాస్త అన్నం కూడా సరిగా ఒంటికి పట్టదు. పొట్ట ముందుకు వచ్చి ఉంటే "వాడికేం, బాగానే ఉన్నాడు" అంటారు. జబ్బ పట్టుకుని చూడండి, కండ ఉండదు.

ఇలాంటివారిలో ముఖ్యంగా తరిగిపోయేది థయామిన్ అనే బి1 విటమిను. దీని నిల్వ మన శరీరంలో కొద్ది వారాలకు మించి ఉండదు. అది లేకపోతే మెదడు గ్లూకోజును వాడుకోలేదు. మనిషి తికమకగా మాట్లాడతాడు, కళ్లు నిలకడగా ఉండవు, నడిస్తే తూలుతాడు. కార్ల్ వెర్నికె అనే జర్మన్ వైద్యుడు 1881లో వర్ణించిన ఈ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. దీనిలోని కష్టం ఏమిటంటే, చూసేవారికి అచ్చం తాగినట్లే కనబడుతుంది. మాట ఇచ్చి నాలుగు రోజులు కాలేదు, మళ్లీ తాగివచ్చాడని ఇంట్లోవారు తిట్టి గదిలో పడుకోబెడతారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

అందుకే గ్లూకోజు బాటిలు సంగతి కూడా చెప్పాలి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర గ్లూకోజు ఎక్కించమని మీరే అడుగుతారు. తాగే అలవాటు ఉన్నవారికి గ్లూకోజుకు ముందు గానీ, దానితో పాటు గానీ బి1 ఇంజెక్షను పడాలి. లేకపోతే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. సిగ్గుపడి తాగుడు సంగతి దాచకండి. ఎన్నాళ్లుగా తాగుతున్నాడు, ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఈ మూడూ చెప్పండి.

ఈ బి1 లోపం మన కోస్తావారికి కొత్త కాదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో కనబడిన బెరిబెరి గురించి మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం వేశాడు. తెల్లగా పాలిషు పట్టిన పచ్చి బియ్యం తినేచోట ఆ జబ్బు ఎక్కువ, ఉప్పుడు బియ్యం తినేచోట తక్కువ. వడ్లు ఉడికించినప్పుడు తవుడులోని విటమిను గింజలోకి వెళ్లి నిలబడడమే దానికి కారణం. మనం ఇప్పటికీ మల్లెపువ్వులా ఉండే బియ్యమే కావాలంటాం. దాన్ని నాలుగు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం.

ఇక కామెర్లు వచ్చినవారికి పెట్టే పథ్యం. ఉప్పు లేని మజ్జిగన్నం తప్ప మరేదీ పెట్టరు. గుడ్డు వద్దు, పప్పు వద్దు, నూనె చుక్క వద్దు. ఈ పథ్యంతో మా వార్డుకు వచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. చెడిన కాలేయం బాగుపడాలంటే మాంసకృత్తులు ఎక్కువ కావాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు ఇవన్నీ పెట్టవచ్చు. పొట్టలో నీరు చేరినవారికి ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెబుతారు, అది వేరే సంగతి. కాలేయం దెబ్బతిన్నవారు రాత్రి ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదు. పడుకోబోయే ముందు ఒక గ్లాసు పాలో, రాగి జావో ఇవ్వండి.

ఖరీదైన పౌడరు డబ్బాల కోసం అప్పు చేయవద్దు. దంపుడు బియ్యం గానీ రాగి సంకటి గానీ, ముద్దపప్పు, తోటకూర, వేరుశెనగలు, గుడ్డు ఉంటే చాలు. ఒక్క క్వార్టరు డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో మీరే లెక్క వేయండి. అయితే ఆ గుడ్డు పిల్లల కంచంలోది తీసి పెట్టకండి, అందరి కంచాల్లోనూ ఉండాలి. భార్య కంచంలో కూడా. చాలా రోజులు ఏమీ తినకుండా ఉన్నవాడైతే మొదటి రోజే బిర్యానీ వద్దు. హఠాత్తుగా ఎక్కువ తింటే రక్తంలోని లవణాలు తగ్గి గుండెకు ప్రమాదం. అలాంటివానికి ఆసుపత్రిలోనే కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

సాయంత్రం ఆరు గంటలకు, అతను దుకాణానికి బయలుదేరే వేళకు, కడుపు నిండి ఉండేలా చూడండి. ఆకలిని కూడా తాగాలన్న కోరికగా పొరబడడం ఉంది. ఉడికించిన శెనగలు మంచివే, కాని దుకాణం పక్కన అమ్మేది కూడా అవే. ఆ వాసనకు మనసు అటు లాగుతుందంటే జావ ఇవ్వండి, అట్టు పోసి పెట్టండి.

తిండి ఒక్కటే మందు అని నేను అనడం లేదు. బాగా అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. మూడు నాలుగు రోజుల్లో మతి తప్పి లేనివి కనబడుతున్నాయనవచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. కనుక మానేస్తానన్న రోజునే ఆసుపత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు ఇంట్లో వంట ఎవరు చేస్తారో, భార్య అయినా తల్లి అయినా, వారిని కూడా వెంట తీసుకురండి. ఏమి వండాలో, ఎంత పెట్టాలో మా సిస్టర్లు వారికే చెబుతారు.