సీలు తీశారు సరే, విషం తీశారా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల ఇంటి యజమానులకు, కిరాయిదారులకు, హాస్టళ్ల నిర్వాహకులకు, కాలనీ సంక్షేమ సంఘాలకు విజ్ఞప్తి

2025 సెప్టెంబర్‌లో ఓల్డ్ బోయిన్‌పల్లిలోని ఒక ప్రైవేటు బడి మీద రాష్ట్ర మత్తుమందుల నిరోధక విభాగమైన ఈగల్ పోలీసులు దాడి చేశారు. పిల్లలు చదువుకునే భవనంలోనే మత్తునిచ్చే అల్ప్రజోలం తయారవుతోంది. అదే నెల మహారాష్ట్ర నుంచి వచ్చిన మీరా భాయందర్ పోలీసులు చర్లపల్లిలో మెఫెడ్రోన్ అనే మత్తుమందు తయారీ కేంద్రాన్ని పట్టుకున్నారు. అక్కడ దొరికిన రసాయనాలు వేల లీటర్లు. అంతకుముందు 2022 డిసెంబర్‌లో కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్ఐ) అధికారులు హైదరాబాద్‌లోనే రెండు రహస్య ల్యాబులను ఛేదించి 24.885 కిలోల మెఫెడ్రోన్ స్వాధీనం చేసుకున్నారు. ఎంతమందిని పట్టుకున్నారు, సరుకు విలువ ఎన్ని కోట్లు అన్నది పేపర్లలో చదివాం. ఆ గోడలకు, ఆ నేలకు, రసాయనాలు పారబోసిన ఆ డ్రైనేజీకి తర్వాత ఏం చేశారన్నది మాత్రం మనకు చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు.

చట్టం అక్కడే ఆగిపోయింది. 1985 నాటి మత్తుమందుల నిరోధక చట్టం (ఎన్డీపీఎస్) పట్టుకున్న మత్తుమందును ఎలా ధ్వంసం చేయాలో 52ఏ సెక్షన్‌లో చెబుతుంది. తెలిసీ తన ఇంటిని ఈ పనికి ఇచ్చిన యజమానికి 25వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఈ దందాతో కూడబెట్టిన ఆస్తిని జప్తు చేసే అధికారం కూడా ఉంది. అయితే ఆ గదిలోకి రేపు దిగబోయే కుటుంబం గురించి అందులో ఏమీ లేదు. కేసు నడుస్తుంది, ఏదో ఒకరోజు సీలు తీస్తారు, యజమాని రెండు పూతల రంగు వేయించి టు-లెట్ బోర్డు పెడతాడు. అడ్డుకునే నిబంధన లేదు.

రంగు వేస్తే విషం పోదు. ద్రావకాల ఆవిర్లు, ఆమ్లాల తుంపరలు ప్లాస్టరింగ్‌లోకి, తలుపు చెక్కలోకి, పరుపుల్లోకి ఇంకుతాయి. సింకులో పోసింది గొట్టాల్లో నిలుస్తుంది. మెథాంఫెటమైన్ ఒక కిలో తయారైతే అయిదారు కిలోల విషవ్యర్థం మిగులుతుందని అమెరికా అధికారుల అంచనా. అల్ప్రజోలం సంగతి ఇంకా దగ్గరగా చూడండి. డాక్టర్లు రాసే మాత్రలో ఆ మందు పావు మిల్లీగ్రామే ఉండొచ్చు. ఎదిగిన మనిషిని మగతలో పడేయడానికి అంత చాలు. అలాంటి మందును కిలోల లెక్కన చేసిన గదిలో, నేల మీద దుమ్ములో పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్ల పరిస్థితి ఏమిటి? 2025 జూలైలో కూకట్‌పల్లి కల్తీ కల్లు చావుల్లో బయటపడ్డది ఈ అల్ప్రజోలమే.

చర్లపల్లి మాటకు దిల్‌సుఖ్‌నగర్‌లో కరపత్రం ఎందుకని అడగొచ్చు. మనది కిరాయిల మీద బతికే ప్రాంతం. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చే పిల్లలు, హాస్టళ్లు, గల్లీ గల్లీలో పెంట్‌హౌస్ గదులు, షట్టర్లు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీనగర్ చౌరస్తా దాకా మనుషులు మారుతూనే ఉంటారు. అడ్వాన్సు కట్టేవాళ్లు నీళ్లొస్తాయా, మెట్రో ఎంత దూరమని అడుగుతారు. అంతకుముందు ఆ గదిలో ఏం జరిగిందో అడగాలన్న ఆలోచనే రాదు. అడిగినా చెప్పాల్సిన అవసరం యజమానికి లేదు. ఇక ఆ గదిని కడిగేది ఎవరు? అడ్డా మీద నుంచి రోజుకూలికి పిలిచిన మనిషి. చేతికి గ్లవ్స్ ఉండవు, ముఖానికి కట్టుకున్న రుమాలే మాస్కు. అందరికంటే ముందు దెబ్బతినేది అతనే.

కేంద్రం 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నది అందులోని సూత్రం. మంచిదే. కానీ అవి పరిశ్రమలు పాడుచేసిన భూముల్ని, భూగర్భజలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మూడో అంతస్తులోని డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు అవి సరిపోవు. రాష్ట్ర ప్రభుత్వమే విడిగా నిబంధనలు తేవాలి.

మేము అడిగేది ఇది. ల్యాబు పట్టుబడిన రోజే పోలీసులు కాలుష్య నియంత్రణ మండలికి, మున్సిపల్ అధికారులకు, జలమండలికి రాతపూర్వకంగా తెలపాలి. ఆ ఇంట్లోకి ఎవరూ దిగకూడదని అక్కడే నోటీసు అంటించాలి. పక్క ఫ్లాట్ల వాళ్లకూ, కింది అంతస్తు వాళ్లకూ చెప్పాలి. రసాయన వ్యర్థాన్ని మోరీలో పోయకుండా, చెత్తబండికి ఎక్కించకుండా, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. శుద్ధి చేసే సంస్థకు లైసెన్సు, పనివాళ్లకు రక్షణ దుస్తులు, వైద్య పరీక్షలు తప్పనిసరి చేయాలి. శుద్ధి అయ్యాక మరో సంస్థ నమూనాలు తీసి, పరిమితి లోపల ఉన్నాయని ధ్రువపత్రం ఇస్తేనే కిరాయికి, అమ్మకానికి అనుమతించాలి. అప్పటిదాకా ఆ ఆస్తి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ (ఈసీ)లో ఈ సంగతి కనిపించాలి. ధ్రువపత్రం వచ్చిన రోజే దాన్ని తొలగించాలి.

కాలిఫోర్నియా 2005లోనే ఇలాంటి చట్టం చేసింది. స్థానిక ఆరోగ్యాధికారి ఆ ఇంటి వాడకాన్ని నిషేధిస్తాడు, ఆస్తి రికార్డుల్లో నమోదు చేయిస్తాడు, శుద్ధి పూర్తయ్యేదాకా కొనేవాళ్లకూ కిరాయికి వచ్చేవాళ్లకూ చెప్పాల్సిందే.

న్యూజిలాండ్ అనుభవం ఇంకా ముఖ్యం. అక్కడ ఎవరో మత్తుమందు తాగిన ఇళ్లకూ, తయారుచేసిన ఇళ్లకూ తేడా చూడకుండా భయపడ్డారు. లేశమాత్రం ఆనవాలు దొరికినా ప్రభుత్వ ఇళ్ల నుంచి పేదల్ని ఖాళీ చేయించారు. పరీక్షలు చేసే కంపెనీలు బాగుపడ్డాయి. చివరికి 2018లో ప్రధానికి శాస్త్ర సలహాదారైన పీటర్ గ్లక్‌మన్ ఇచ్చిన నివేదిక, తాగినందువల్ల మిగిలే ఆనవాళ్లతో ఆరోగ్యానికి హాని జరిగినట్టు ఆధారం లేదని తేల్చింది. అక్కడి ప్రభుత్వ గృహ సంస్థ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే పరిమితులను మన శాస్త్రవేత్తలే నిర్ణయించాలంటున్నాం. తార్నాక ఐఐసీటీ, బాలానగర్ నైపర్ మన ఊళ్లోనే ఉన్నాయి. పరీక్షించే సంస్థ, శుద్ధి చేసే సంస్థ ఒకటే కాకూడదు. ఈ నిబంధన పేరు చెప్పి గంజాయి తాగాడన్న అనుమానంతో విద్యార్థిని గది ఖాళీ చేయిస్తే మేము వ్యతిరేకిస్తాం.

ఖర్చు మొదట నేరస్తుడిది. తెలిసీ ఇచ్చిన యజమానిది. పింఛను డబ్బుతో మేడ కట్టుకుని, ఏమీ తెలియక కిరాయికిచ్చిన రిటైర్డ్ ఉద్యోగి మీద ఆ భారం వేయడం అన్యాయం. అలాంటి చోట ప్రభుత్వం ముందు ఖర్చు పెట్టి, జప్తు చేసిన ఆస్తుల నుంచి రాబట్టుకోవాలి. ఇల్లు విలువ పడిపోతుందని భయపడేవాళ్లకు ఒక మాట: ధ్రువపత్రం ఉన్న ఇంటికి అనుమానం ఉండదు. దాచిన ఇంటికి గల్లీ మొత్తం పుకారు ఉంటుంది.

మీ కాలనీ సంఘం తదుపరి సమావేశంలో ఈ డిమాండ్లతో తీర్మానం చేసి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక ప్రతి ఎమ్మెల్యేకు, ఒకటి కార్పొరేషన్ ఆఫీసుకు పంపండి. కిరాయి ఒప్పందంలో 'ఈ ఇంట్లో మత్తుమందుల తయారీ కేసు ఏదీ లేదు' అన్న వాక్యం ఇప్పటి నుంచే రాయించుకోండి. మీ భవనంలో ఘాటైన రసాయనాల వాసన, రాత్రిపూట డ్రమ్ముల రాకపోకలు కనిపిస్తే లోపలికి వెళ్లకండి, దేన్నీ ముట్టకండి, ఈగల్ హెల్ప్‌లైన్ 1908కి ఫోన్ చేయండి.