హిమ్మత్ తక్కువై కాదు బేటా, హవాలో తేమ ఎక్కువై

మా ఆపా కొడుకుది కర్నూలు. కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం రెండేళ్లుగా పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. మే నెలలో సెలవులకు మా బందరు వచ్చాడు. వచ్చిన రెండో రోజే, ఫజర్ నమాజ్ కాగానే, మంగినపూడి రోడ్డు మీద పది కిలోమీటర్లు కొడతానన్నాడు. "మామూ, నేను 42 డిగ్రీల్లో ఉరికినోణ్ణి. మీ కాడ పొద్దున 30 కూడా లేదు. ఇదేం గర్మీ?" అన్నాడు. నేను ఆపాల్సింది. ఆపకపోగా "హిమ్మత్ అంటే అదీ!" అని వీపు తట్టి, స్కూటర్ మీద వెనకాలే బయల్దేరాను.

ఆరో కిలోమీటరు దగ్గర అడుగులు తడబడ్డాయి. ఆగరా అంటే ఆగడు. పేరు పెట్టి పిలిస్తే ఎటో చూశాడు. చివరికి నన్ను పట్టుకుని "ఇంకెంత దూరం అబ్బా?" అన్నాడు, నన్ను వాళ్ల నాన్న అనుకుని. ఒళ్లంతా పసీనా ధారలు కడుతోంది. చెమట పడుతోంది కదా, వడదెబ్బ అయ్యుండదులే అనుకున్నాను. అది ఎంత పెద్ద గలతో తర్వాత డాక్టరు చెప్పాడు. పరుగులో తగిలే వడదెబ్బకు చెమట ఆగాలనేం లేదు. మాట తేడా రావడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, అదీ అసలు నిషానీ.

వాడి జాన్ కాపాడింది చేపల పెట్టెలతో అటుగా వచ్చిన ఒక ఆటో ఆయన. నేను "ఎక్కించు, ఆసుపత్రికి పోదాం" అని అరుస్తుంటే, ఆయన ముందు పెట్టె మూత తీసి ఐసు నీళ్లు వాడి తల మీద, మెడ మీద, చంకల్లో కుమ్మరించాడు. తువ్వాలుతో గబగబా విసిరాడు. ఆ తర్వాతే బండి కదిలింది. తెలిసి చేశాడో, తోచి చేశాడో గానీ డాక్టర్లు చెప్పే తరీఖా అదే. ముందు చల్లార్చాలి, తర్వాత తరలించాలి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఎంతసేపు ఉంటే అంత నుక్సాన్.

మనవాళ్లకు అర్థం కాని సంగతి ఇదే. పసీనా కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితే చల్లబడుతుంది. కర్నూలు పొడి గాలి చెమటను చిటికెలో పీల్చేసుకుంటుంది. సముద్రం పక్కన గాలి అప్పటికే తడిసిన తువ్వాలు లాంటిది, ఇంకేం పీలుస్తుంది? పైగా తెల్లవారుజామున ఎండ ఉండదు గానీ, గాలిలో తేమ శాతం రోజు మొత్తంలో ఎక్కువగా ఉండేది అప్పుడే. ఫజర్ తర్వాత పరుగెత్తడం మంచిదే, ఎండ నుంచి బచాయించుకోవచ్చు. కానీ టైము మార్చినంత మాత్రాన గండం గట్టెక్కదు.

2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు ఆడవాళ్ల మారథాన్‌ను అర్ధరాత్రి పెట్టారు. సూర్యుడే లేడు. అయినా 68 మంది మొదలుపెడితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గెలిచిన కెన్యా రన్నర్ రూత్ చెప్‌న్‌గెటిచ్‌కు 2 గంటల 32 నిమిషాలు పట్టింది. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆమె 2 గంటల 17 నిమిషాల్లో ముగించింది. అంటే పదిహేను నిమిషాలు నిదానించి బంగారు పతకం తెచ్చుకుంది. ఆమెకు హిమ్మత్ లేదందామా?

ఇక 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ సెలెక్షన్లు. మగపిల్లలు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. వానాకాలపు ఉక్కపోత. పది మందికి పైగా నౌజవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మందులు వాడారన్న అనుమానాలు వచ్చాయి, రాత్రంతా క్యూలో నిలబెట్టారన్న ఆరోపణలూ వచ్చాయి. ఒక్కొక్కరి మౌత్‌కు ఒక్కో కారణం ఉండొచ్చు. కానీ ఆ ఉక్కలో అంత దూరం పరుగు పెట్టించడం మాత్రం ఎవరో కూర్చుని తీసుకున్న ఫైసలా. కొన్నాళ్లు ఆపారు గానీ, అప్పటికే ఎన్నో ఇళ్లలో మాతమ్ మొదలైంది.

మన దగ్గర పరీక్ష 1600 మీటర్లే అయినా, పిల్లలు ప్రాక్టీసు పేరుతో చాలా ఎక్కువ పరుగెత్తుతారు. గ్రౌండ్ పక్కన చిచ్చాలు, మామూలు, కోచింగ్ ఉస్తాద్‌లు నిలబడి "మర్ద్ బన్ రే!" అంటుంటారు. నేనూ అన్నవాణ్ణే కాబట్టి చెప్తున్నా, ఆ మాట మానేద్దాం. కొత్త ఊరి ఉక్కకు ఒళ్లు అలవాటు పడాలంటే పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. మొదటి వారం దూరం సగం చేసుకోవాలి, గడియారం ఇంట్లో పెట్టి రావాలి. పరుగెత్తుతూ మాట్లాడగలిగితే సరే, మాట అందకపోతే నడవాలి. అందులో షరమ్ ఏముంది?

ఆడపిల్లల సంగతి ఇంకొంచెం ఫికర్. పర్దా పాటిస్తూ పరుగెత్తే అమ్మాయిలకు కావలసింది వదులుగా, పల్చగా, గాలి ఆడే బట్ట. మందపాటి సింథటిక్ బురఖా మీద పరుగు తీయించి "అలవాటైపోతుందిలే" అనడం జుల్మ్. అమ్మీలు దీని గురించి దర్జీతో ఒక్క మాట మాట్లాడితే చాలు.

తాగడంలోనూ అతి వద్దు. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా రక్తంలో సోడియం పడిపోయి ఖతరా. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ నయం. ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. రూహ్ అఫ్జా నాకూ ప్రాణమే, కానీ ఉప్పు పని అది చేయదు.

మా వాడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. నెల తర్వాత, డాక్టరు సరేనన్నాకే, మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు బందరు వస్తే వాకింగ్ చేసే బుజుర్గులు కూడా వాణ్ణి దాటి పోతుంటారు. మా ఆపా మాత్రం ఫోన్‌లో నాతో ఇంకా పొడిపొడిగానే మాట్లాడుతోంది.