చరిత్రకెక్కే పోటీ ఏది?

మొన్న సెలవులకు మా ఎర్రుపాలెం వెళ్ళినప్పుడు స్టేషను దగ్గర టీ కొట్టులో ఒక చిన్న వాగ్వాదం జరిగింది. నలుగురు కుర్రాళ్ళు ఒక సెల్‌ఫోను చుట్టూ మూగి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ చూస్తున్నారు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలగలిసిన ఆట అది. పోటీ ముగిసిందో లేదో, "ఇది చరిత్రాత్మకం!" అని ఒక కుర్రాడు కేక పెట్టాడు. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన, "ఏమ్రా, పోయిన వారం కూడా ఇదే మాటన్నావు. వారానికొక చరిత్ర పుడితే పాతదాన్ని ఎక్కడ పెడతార్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్నగా తోచలేదు. నిజమే గదా! ఇద్దరు మనుషులు కలబడితే అది ఎప్పుడు చరిత్ర అవుతుంది?

రక్తం ఎక్కువ కారితే అవుతుందా? అలా అయితే కల్లు దుకాణం ముందు జరిగే కొట్లాటలన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. డబ్బు ఎక్కువ చేతులు మారితేనా? అది వ్యాపారం లెక్క. పోనీ, బలమే కొలబద్దా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారని మన తాతలు కథలు కథలుగా చెప్పుకున్నారు. అది మహా అద్భుతమే. కాని అద్భుతం వేరు, పోటీ వేరు. ప్రదర్శనలో ఎదుట ఉండేది ఏనుగు. పోటీలో ఎదుట ఉండేది ఒక మనిషి. ఆ మనిషి వెనక ఒక నమ్మకం, కొన్ని సందర్భాల్లో ఒక వ్యవస్థ కూడా నిలబడి ఉంటాయి.

ఈ విషయంలో మన పురాణమే మంచి దారి చూపిస్తుంది. భారతంలో భీముడు ఎందరితోనో కలబడ్డాడు. బకుడు, హిడింబుడు, కీచకుడు ఇలా జాబితా పెద్దదే. అయినా జరాసంధుడితో చేసిన మల్లయుద్ధానికి ఉన్న గౌరవం వేరు. ఎంచేతనంటే, జరాసంధుడు పడిపోయిన తర్వాత అతని కారాగారంలో మగ్గుతున్న రాజులందరికీ చెర విడిపోయింది. గోదాలో ఇద్దరే ఉన్నా, తలుపు తెరుచుకున్నది ఎందరికో. ఏ పోటీ చరిత్రాత్మకమో తేల్చడానికి నాకు దొరికిన గీటురాయి ఇదే: పోటీ ముగిశాక ఎవరి చెర విడిపోయింది?

ఈ గీటురాయి మీద కొన్ని పోటీలను గీసి చూద్దాం. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో మన పంజాబీ మల్లుడు గామా, పోలండుకు చెందిన జిబిస్కోతో తలపడ్డాడు. రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ కుస్తీలో జిబిస్కో ఎక్కువసేపు నేలను కరచుకొని బోర్లా పడుకునే ఉన్నాడట. ఎవరూ చిత్తు కాలేదు. వారం తర్వాత మళ్ళీ రమ్మంటే జిబిస్కో రానే లేదు. చూడ్డానికి అదేమంత రంజైన కుస్తీ కాదు. అయినా పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి వెళ్ళినవాడు పాలకుల రాజధానిలోనే అజేయుడుగా నిలిచాడు. "వాళ్ళకంటే మనం తక్కువ" అనే చెరలో ఉన్న మనసులకు ఆ రోజు ఒక తలుపు తెరుచుకుంది. ఆ ఇద్దరే 1928లో పటియాలాలో మళ్ళీ కలబడినప్పుడు గామా నిమిషం లోపే గెలిచాడు. గెలుపు 1928లో వచ్చినా, నా లెక్కలో చరిత్ర 1910దే.

1951లో బ్రెజిల్‌లో జపాను జూడో వీరుడు కిమురా, హెలియో గ్రేసీ చెయ్యి మెలిపెట్టి విరిచాడు. గ్రేసీ లొంగలేదు, అతని పక్షంవాళ్ళే తువ్వాలు విసిరి పోటీ ఆపారు. ఓడిన ఆ కుటుంబమే ఆ పట్టుకు "కిమురా" అని గెలిచినవాడి పేరు పెట్టుకుని తమ శిష్యులకు నేర్పింది. శత్రువు దగ్గర పాఠం నేర్చుకోవడమంటే ఇది! 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో ఎనిమిది మంది వేరువేరు విద్యలవాళ్ళను ఒక పంజరంలాంటి బరిలోకి దింపినప్పుడు, ఆ హెలియో కొడుకు రాయిస్, ఎనభై కిలోల మనిషి, ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి గెలిచాడు. బక్కవాడు బలిసినవాడి ముందు తలవంచి తీరాలన్న నమ్మకం ఆ రాత్రి సడలింది. ఆ తర్వాత లోకమంతటా ఆటగాళ్ళ సాధనే మారిపోయింది. గుద్దడం ఒక్కటే వచ్చినవాడు కుస్తీ నేర్చుకున్నాడు. కుస్తీ ఒక్కటే వచ్చినవాడు గుద్దడం నేర్చుకున్నాడు.

ఇక 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మదాలీకి, మల్లుడు ఇనోకీకి జరిగిన పోటీ సంగతి. పదిహేను రౌండ్లూ ఇనోకీ దాదాపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్ళను తన్నుతూనే ఉన్నాడు. అలీ కొట్టిన గుద్దులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫలితం సమం, ప్రేక్షకులకు మిగిలింది విసుగు. ఆనాడు అందరూ తిట్టిన పోటీ అది. కాని ఏ విద్య ఏ విద్యను ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్నను లోకం ముందు పెట్టింది. చరిత్రకెక్కాలంటే పోటీ బాగుండి తీరాలన్న నియమమేమీ లేదన్నమాట!

ఇంత దూరం తిరిగి ఇప్పుడు మన తెలంగాణకే వస్తాను. నా దృష్టిలో మన గడ్డ మనిషి ఆడిన అత్యంత చరిత్రాత్మకమైన పోటీ ఆమె ఓడిపోయిన పోటీ. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. ఆ పతకాలు మనందరికీ గర్వకారణం. కాని వాటికి ముందు 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్స్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపాలన్న ఆలోచన వచ్చింది. మేరీ కోమ్ సామాన్యురాలా! ఆరుసార్లు ప్రపంచ విజేత. అయినా ఇరవైమూడేళ్ళ నిఖత్, "నాకూ ఒక అవకాశం ఇవ్వండి" అని కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. 9-1 తేడాతో నిఖత్ ఓడిపోయింది. చివర మేరీ కోమ్ చెయ్యి కలపలేదని పత్రికలు దాన్నే పెద్ద వార్త చేశాయి. అసలు వార్త అది కాదు. ఎంత గొప్పవారైనా బరిలోకి దిగి తేల్చుకోవలసిందేనన్న సూత్రం ఆ రోజు గెలిచింది. ఓడినా తలుపు తెరిచింది నిఖత్.

ఇవన్నీ పశుప్రాయమైన ఆటలు, చదువుకున్నవాళ్ళు వాటిని గురించి రాయడమేమిటి అని మా లెక్చరర్లలో కొందరు అనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. డబ్బు కోసం మనుషుల తలలు పగలగొట్టించే వ్యాపారాన్ని నేను సమర్థించడం లేదు. ఈ ఆటలో బరువు తరగతులు, నిషిద్ధ దెబ్బల జాబితాలు వచ్చింది కూడా అలాంటి విమర్శల వల్లనే. అయితే 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ అమ్మాయి పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయురాలైంది. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఇద్దరే ఆమెవైపు మొగ్గారు. అతి స్వల్పమైన గెలుపే, కాని ఆ దారిన వెళ్ళాలనుకునే ఆడపిల్లకు ఇక "మనవాళ్ళెవరూ గెలవలేదు" అనే మాట అడ్డు రాదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను ఇంతకుముందు చదివిన ఒక కళాశాలలో ఏటా కబడ్డీ జట్టు జాబితా నోటీసు బోర్డు మీద దానంతటదే మొలిచేది. ట్రయల్స్ ఎప్పుడు జరిగాయో ఎవరికీ తెలియదు. భద్రాచలం అడవి పక్క పల్లె నుంచి వచ్చిన మా క్లాసు అమ్మాయి ఒకతె మెరుపులా కూతకు వెళ్ళేది. మూడేళ్ళూ గ్రౌండు బయట నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్కసారైనా అడగలేదు. ఆమె తరఫున మేమూ అడగలేదు. ఆ తప్పులో నా వాటా నాకుంది.

మిత్రులారా, మన విద్యార్థి సంఘం ఈ ఏడాది ఒక్క తీర్మానం చేస్తే చాలు. ప్రతి జట్టుకూ ముందుగా తేదీ ప్రకటించి, అందరూ చూస్తుండగా ట్రయల్స్ జరపాలి. పోయినేటి కెప్టెన్ అయినా సరే, బరిలోకి దిగాలి. ఆ సాయంత్రం మన గ్రౌండులో కెమెరాలు ఉండవు, టిక్కెట్లు ఉండవు, ఎవరూ "చరిత్రాత్మకం" అని కేకలు పెట్టరు. కాని గ్రౌండు బయట నిలబడ్డ ఒక పిల్ల గీత దాటి లోపలికి వస్తుంది. టీ కొట్టు పెద్దాయనకు నా జవాబు అదే.