కోడి కింద ఎన్ని గుడ్లు?

ఎండలు ముదరకముందే కోళ్లను పొదగేయాలని ఇళ్లలో తొందర మొదలైంది. "అయ్యగారూ, పద్దెనిమిది గుడ్లున్నాయి, అన్నీ పెట్టేయమంటారా?" అని ఈ వారం ముగ్గురు అడిగారు. వద్దమ్మా. నాటుకోడికి పది చాలు, ఒళ్లు పెద్దదైతే పన్నెండు.

"పక్కకు జారిన ఐదారేగా చెడిపోయేది, మిగతావి లేస్తాయిగా" అంటారు. అలా జరగదు. కోడి ఊరికే కూర్చోదు. ముక్కుతో గుడ్లను తిప్పుతుంది, అంచున ఉన్నదాన్ని లోపలికి, లోపలిదాన్ని అంచుకు జరుపుతుంది. ఇవాళ రెక్క కింద వెచ్చగా ఉన్న గుడ్డే రేపు బయట చల్లబడుతుంది. లోపల పిల్ల కట్టడం మొదలయ్యాక ఎక్కువసేపు చల్లబడితే ఆ ప్రాణం అక్కడే ఆగిపోవచ్చు. ఎక్కువ పెడితే ఏవో కొన్ని కాదు, అన్నీ వంతులవారీగా దెబ్బతింటాయి.

"దేవుడే చూసుకుంటాడు అయ్యగారూ" అని ఒక అక్క నవ్వింది. కోడి అనగానే మనలో చాలామంది మత్తయి 23వ అధ్యాయం తెరుస్తారు. ఈ విషయంలో నేను లూకా 14 తెరుస్తాను. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకునే మాట అక్కడ ఉంది. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

ఆ లెక్కలో గుడ్ల కంటే ముందు మనుషులు రావాలి. 21 రోజులు పొదిగేది కోడే, కానీ పిల్లలు లేచాక కాపలా ఎవరు? భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో గద్దకు, పిల్లికి, ముంగిసకు అడ్డెవరు? ముసలమ్మో తాతయ్యో వాకిట్లో కూర్చునే ఇల్లయితే పన్నెండు పెట్టండి. లేకపోతే ఎనిమిదితో ఆపండి. "అన్నీ పెట్టెయ్" అని చెప్పేది తరచుగా ఇంటాయన. నూకలు వేసేది, గంప కింద మూసేది, గద్ద వస్తే కేకేసి పరుగెత్తేది ఇంటావిడ. ఎన్ని పెట్టాలో ఆమెనే చెప్పనివ్వండి.

మిగిలిన గుడ్ల సంగతా? ముందు పిల్లలకు ఉడకబెట్టి పెట్టండి. గంపలో మురిగిన ప్రతి గుడ్డూ ఏదో ఒక బిడ్డ కంచంలోకి రావలసినదే. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పక్కింటి కోడి పొదుగుకొచ్చి గుడ్లు లేక ఖాళీగా కూర్చుంటే, ఆరు గుడ్లు వాళ్లకు పాలుకివ్వండి, లేచిన పిల్లలు చెరిసగం.

పెట్టే పదీ తాజావే ఏరండి. వారం దాటినవి వద్దు, వేసవిలో నాలుగైదు రోజులవే పెట్టండి. పగుళ్లున్నవి, మరీ చిన్నవి తీసేయండి. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రని సన్నటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల కట్టినట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే పక్కన పెట్టేయండి, ఉన్నవాటికి చోటు దొరుకుతుంది.

పిల్లలు లేచిన వారానికి కొక్కెర తెగులు రాకుండా చుక్కల మందు వేయించాలి. ఒక్క సీసా చాలా పిల్లలకు సరిపోతుంది, విప్పాక దాచుకోవడానికి లేదు. కాబట్టి వీధిలో నలుగురూ ఒకే రోజు కోళ్లను పొదగేసి, ఒకే రోజు పశువుల ఆసుపత్రికి వెళ్లండి.