గాలిని కొలిచి ఏం చేస్తారు?

ఈ టపా రాయాలని రెండు నెలలుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. కారణం బద్ధకం కాదు, సిగ్గు. తెలుగులో ఏదైనా చెప్పగలమని పదిమందిలో వాదించేవాణ్ణి, ఒక పెద్దాయన అడిగిన చిన్న ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పలేకపోయాను.

పలమనేరులో బస్సెక్కి తిరుపతికి వెళుతున్నాను. పక్క సీట్లో ఒక పట్టు రైతు. వయస్సు డెబ్బైకి దగ్గరగా ఉంటుంది. మొగిలి ఘాటు దిగేలోపే తన మల్బరి తోట సంగతి, ఇంట్లో పురుగు నాలుగో జ్వరం లేచిన సంగతి, ఈ సమయంలో ముసురు పడితే సున్నపుకట్టు రోగం వస్తుందన్న బెంగ, అన్నీ చెప్పేశాడు. చిత్తూరు దాటాము. చంద్రగిరి ఇంకా రాలేదు. గాదంకి దగ్గర కిటికీలోంచి చూసి అడిగాడు:

"ఏం నాయనా, ఆడ లోపలికి పోయే దోవలో బోర్డు పెట్టుండారే, ఏం చేస్తారాడ?"

"వాతావరణ పరిశోధన పెద్దాయనా. పెద్ద రాడార్ ఉంది."

"అయితే రేపు ముసురు పడతాదో లేదో చెప్తారా?"

"నేరుగా అట్లా చెప్పరు. పైన వీచే గాలిని కొలుస్తారు."

"గాలిని కొలిచి ఏం చేస్తారు?"

ఇక మొదలుపెట్టాను. ట్రోపోస్ఫియర్ అన్నాను, టర్బులెన్స్ అన్నాను, డాప్లర్ అన్నాను. మధ్యమధ్య 'అంటే', 'అదేమిటంటే' తప్ప నా మాటల్లో తెలుగు లేదు. ఆయన మర్యాదగా చివరిదాకా విని "సరేలే నాయనా" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ 'సరేలే' నన్ను ఇంకా వదలలేదు.

ఇంతకూ అక్కడ ఉన్నది సామాన్యమైన సంస్థ కాదు. అంతరిక్ష విభాగానికి చెందిన జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అది. 2005 వరకు దాని పేరు జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రం. 1980ల నాటి భారత మధ్య వాతావరణ పరిశోధన కార్యక్రమం నుంచి పుట్టిన ఆలోచన 1990ల ఆరంభంలో గాదంకిలో రూపు దిద్దుకుంది. చుట్టూ కొండలుండి దూరపు రణగొణలను అడ్డుకునే చోటు కావడం వల్ల ఆ పల్లెకు ఈ అదృష్టం పట్టింది. రాడార్‌ను నిర్మించిన సంస్థ పేరు 'సొసైటీ ఫర్ అప్లైడ్ మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ అండ్ రీసెర్చ్'. పొడి అక్షరాలు కలిపి చదివితే 'సమీర్'. గాలిని కొలిచే యంత్రాన్ని సమీరం పేరున్న సంస్థ కట్టిందన్నమాట! ఆ పేరులోని 'అప్లైడ్' అన్న మాట మీదనే నేటి నా ఆలోచన. దీన్ని మనం 'అనువర్తిత' అని అనువదించుకున్నాము. ఎవరికి వర్తిస్తే అనువర్తితం అవుతుంది? ఎక్కడికి చేరితే ఆ పరిశోధన పూర్తయినట్టు?

అది తేల్చే ముందు, ఆనాడు బస్సులో చెప్పవలసిన జవాబు ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పాత రోజుల్లో ఇంటింటి కప్పు మీద దూరదర్శన్ కోసం అల్యూమినియం కడ్డీల యాంటెన్నా ఉండేది గదా, ఆ జాతివే 1024 జతలు, వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా నేల మీద నాటారు. ఆ చదరం ఒక్కొక్క పక్క 130 మీటర్లు, అంటే నాలుగెకరాల పైచిలుకు తోట. అందులోంచి సెకనుకు 5.3 కోట్ల కంపనాలు గల రేడియో తరంగాన్ని చిన్న చిన్న తునకలుగా ఆకాశంలోకి పంపుతారు. మొదట కట్టినప్పుడు ఒక్కో తునక శక్తి గరిష్ఠంగా 2.5 మెగావాట్లు ఉండేది.

ఆకాశంలో ఏముందని తరంగం తిరిగి వస్తుంది? మబ్బు లేని నిర్మలాకాశంలో కూడా గాలి ఒకే తీరుగా ఉండదు. వేడి, తేమ హెచ్చుతగ్గులతో చిన్న చిన్న సుడులు తిరుగుతూ ఉంటుంది. ఈ రాడార్ తరంగం పొడవు సుమారు 5.66 మీటర్లు. అందులో సగం, అంటే 2.8 మీటర్ల ప్రాంతపు సుడులు తరంగంలో అణుమాత్రాన్ని వెనక్కి విసురుతాయి. ఆ సుడులు గాలితో పాటే కొట్టుకుపోతుంటాయి గనుక వాటి వేగమే గాలి వేగం.

వేగం ఎలా తెలుస్తుంది? ఎదురుగా వచ్చే బస్సు హారన్ కీచుగా వినిపించి, మనల్ని దాటగానే బొంగురుపోతుంది. ఇక్కడా అదే సూత్రం. అయితే సెకనుకు పది మీటర్ల వేగంతో రాడార్ వైపు వచ్చే గాలి ఆ 5.3 కోట్ల కంపనాలలో తెచ్చే తేడా మూడున్నర మాత్రమే! కోట్లలో మూడున్నర. రణగొణధ్వనిలో మునిగిన ఆ తేడాను వేల ప్రతిధ్వనులను కూడబెట్టి, గణితంతో వడగట్టి బయటికి తీసేది కంప్యూటరు. సుడులు ఎందుకు పుడతాయో చెప్పేది భౌతికశాస్త్రం, తరంగాన్ని పంపి పట్టుకునేది ఇంజనీరింగ్, పట్టుకున్నదాన్ని చదివేది గణనశాస్త్రం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ నాలుగెకరాలు కేవలం కడ్డీల తోట.

దాని వల్ల ఏం తెలిసింది అంటారా? ఒక్క ఉదాహరణ. నైరుతి రుతుపవనాల కాలంలో మన నెత్తిన పదిహేను, పదహారు కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో ఒక గాలి నది ప్రవహిస్తుంది. పి. కోటేశ్వరం గారు 1958లో ప్రకటించిన పరిశోధనతో ప్రపంచానికి పరిచయమైన తూర్పు జెట్ ప్రవాహం ఇదే. రుతుపవనంతో దీనికి దగ్గరి సంబంధం. ఈ ప్రవాహాన్ని నిమిషాల వ్యవధితో, ఎత్తుల వారీగా గమనించగల పరికరం మన పొరుగునే ఉంది. పలమనేరు మల్బరి తోటలో నిలబడి ఆకు కోసే మనిషికి తన తల మీద ఒక నది పోతున్నదని తెలియదు.

తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. "రైతుకు కావలసింది రేపు ముసురు పడుతుందా లేదా అన్నది. అది భారత వాతావరణ విభాగం చెబుతూనే ఉంది. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో తెలుగు కూడా ఉంది. యంత్రం ఎలా పనిచేస్తుందో ఆయనకెందుకు? కరెంటు ఎలా పుడుతుందో తెలిసే బల్బు వేసుకుంటున్నామా?" అన్నాడు. ఈ వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను. ఫలితం తెలుగులో చేరుతున్నందుకు సంతోషించాలి కూడా. అయినా నాకు తృప్తి కలగలేదు.

పలమనేరు ప్రాంతంలో మల్బరి రైతు నోట వినిపించే మాట 'వీ-వన్'. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధనా సంస్థ 1990లలో రూపొందించిన మల్బరి రకం పేరు అది. దాన్ని నమ్మమని రైతుకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేకపోయింది. పక్క తోటలో ఆకు వెడల్పు చూశాడు, గంపల బరువు చూశాడు, కొమ్మ తెచ్చి నాటుకున్నాడు. అనువర్తిత పరిశోధన అక్కడ కళ్ళకు కనబడింది. గాలి అలా కనబడేది కాదు. పదహారు కిలోమీటర్ల ఎత్తున ఉన్నదాన్ని పక్క తోటలో చూపలేము. చూపలేనిదాన్ని మాటతోనే చూపాలి. ఆ మాట లేకపోతే చేరేది ఫలితం ఒక్కటే, నమ్మకం చేరదు.

వాతావరణ సూచనకు ఈ నమ్మకం ప్రాణం. ఎందుకంటే అది కొన్నిసార్లు తప్పుతుంది. బల్బు స్విచ్చి వేసిన ప్రతిసారీ వెలుగుతుంది గనుక దాని లోగుట్టు తెలియకపోయినా నష్టం లేదు. సూచన అలా కాదు. కొలతలు కొన్ని చోట్లే ఉంటాయి, వాటి మధ్య ఖాళీలను లెక్కతో పూరిస్తారు, రోజులు గడిచేకొద్దీ చిన్న పొరపాటు పెద్దదవుతుంది. ఈ సంగతి తెలిసిన రైతు రేపటి సూచనను ఎంత నమ్మాలో, వారం తర్వాతి సూచనను ఎంత నమ్మాలో బేరీజు వేసుకోగలడు. తెలియని రైతు ఒకసారి తప్పగానే మొత్తాన్ని 'పంచాంగం' అని పక్కన పెడతాడు. ఆ తరువాత నిజంగా ముసురు పట్టే రోజున కూడా పురుగుల ఇంట తేమ తగ్గించే ఏర్పాటు చేసుకోడు. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం ప్రాంతపు తేమ అనుకూలం. చలి, తేమ కలిసి పెరిగితే సున్నపుకట్టుకు దారి తీస్తుంది. పంట మొత్తం నాలుగు రోజుల్లో తెల్లగా బిగుసుకుపోవచ్చు. యంత్రం గురించిన జ్ఞానం ఆయనకు అలంకారం కాదని నేను అనుకుంటున్నది ఇందుకే.

అయితే ఆ మాట చెప్పవలసింది శాస్త్రవేత్తలేనా? తప్పంతా వారి మీదకు నెట్టడం న్యాయం కాదు. వారి వ్యాసం ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా చదవాలి, సరిచూడాలి. దానికి ఇంగ్లీషు తప్పదు. ఆ తరువాతి అడుగు ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు నాకు మన సొంత కథే గుర్తుకొస్తుంది.

మనం ఇక్కడ రాసుకుంటున్న తెలుగు కూడా అనువర్తిత పరిశోధన ఫలమే. భారతీయ భాషల సంకేతాలకు జాతీయ ప్రమాణం ఇస్కీ 1991లో స్థిరపడింది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు స్థానం దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. శాస్త్రం ప్రకారం పని అప్పటికే పూర్తయింది. కానీ మనలో ఎంతమంది 2001లో తెలుగులో రాశాము? అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్ళు సరదాగా, శ్రద్ధగా రూపొందించిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి, దాని వారసత్వంతో 2006లో వీవెన్ గారు అందించిన లేఖిని, ఇలాంటివి వచ్చాకనే కదా మన వేళ్ళకు తెలుగు పట్టుబడింది! ప్రమాణానికీ మన వేళ్ళకూ మధ్య పదిహేనేళ్ళ దూరం. ఆ దూరాన్ని దాటించింది ఏ పెద్ద ప్రయోగశాలా కాదు, జీతం ఆశించకుండా రాత్రులు కూర్చున్న భాషాభిమానులు. చివరి అడుగు అవతలివాడు వేయాలని వాళ్ళు కూర్చుని ఉంటే ఈ టపా ఉండేది కాదు.

'తెలుగులో పారిభాషిక పదాలు లేవు' అన్నది మనం తరచు చెప్పే సాకు. పైన రాడార్ గురించి రాసిన పేరాలు మళ్ళీ చూడండి. రాడార్, యాంటెన్నా, మెగావాట్టు ఉన్నవి ఉన్నట్టే వాడాను. పెద్దాయనకు వాటితో ఇబ్బంది లేదు, ఆయన ఇంటి మీదా యాంటెన్నా ఉండేది. టర్బులెన్స్‌కు 'సుడి' చాలింది. కష్టం పదాల్లో లేదు. నాకే విషయం సరిగ్గా అర్థం కాకపోవడంలో ఉంది. ఇంగ్లీషు మాట చాటున నా అజ్ఞానం దాగుతూ వచ్చింది. తెలుగులో చెప్పబోయేసరికి బయటపడింది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల మొదలుపెట్టి తెలుగులో శాస్త్ర గ్రంథాలు వెలువరించిన కొమర్రాజు లక్ష్మణరావు గారి తరానికి మనకున్న నిఘంటువులు లేవు, అంతర్జాలం లేదు. మనకు సాకు కూడా లేదు.

నేడు పూర్వపు చిత్తూరు జిల్లా పరిధిలోనే గాదంకి ప్రయోగశాలకు తోడు 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. మీ మీ ఊళ్ళ చుట్టుపక్కల కూడా ఇలాంటి సంస్థలు ఉండే ఉంటాయి. నా మనవి చిన్నది. మనలో ఒక్కొక్కరూ తమ ఊరికి దగ్గరలోని ఒక్క ప్రయోగశాలను, అందులోని ఒక్క యంత్రాన్ని ఎంచుకుని, అది ఏం కొలుస్తుందో, ఎలా కొలుస్తుందో, ఎక్కడ పొరపడగలదో ఒక్క టపా రాయండి. పురస్కారాలకు పోయే వ్యాసం అక్కరలేదు. బస్సులో పక్క సీటు మనిషికి చెప్పినట్టు ఉంటే చాలు.

ఆ పెద్దాయన మళ్ళీ కనబడతాడన్న ఆశ నాకు లేదు. కనబడి అదే ప్రశ్న అడిగితే ఇలా చెబుతాను: "పెద్దాయనా, ముసురు ఉన్నట్టుండి ఊడిపడదు, పైగాలి మోసుకొస్తాది. ఆ పైగాలి ఏ ఎత్తున ఎటు పోతా ఉందో గాదంకిలో కొలుస్తారు. గాలి నడక తెలిసే కొద్దీ వాన లెక్క బాగుపడతాది. అయినా అది లెక్కే, ఒట్టు కాదు. రేపటి మాట నమ్ము, పదోనాటి మాట సగమే నమ్ము."

ఇందులో తప్పుంటే దిద్దండి. దిద్దుకుని మళ్ళీ రాస్తాను.