దోషము విత్తుదా? నేలదా?

కూరగాయల నారుమళ్ళు పోయు కాలము రాగానే యేటేట వినవచ్చు మొర యొకటి కలదు. విత్తు మొలవలేదు, మొలచినది నిలువలేదు. రైతు అంగడివానిని దూషించును. అంగడివాడు వానను దూషించును. తుదకు ఇరువురును దైవమును దూషించి యూరకుందురు. విచారణకు రానిది నేల యొక్కటియే. కల్తీ విత్తనము లమ్మువారిని మేము సమర్థించుట లేదు. అట్టివారిని కఠినముగా శిక్షింపవలసినదే. కాని దోషము విత్తుదో నేలదో తేల్చుకొనక చేసిన ఫిర్యాదు నిలువదు. రైతు నష్టమును తీరదు.

మంచి విత్తనమనగా నేమి? మన దేశపు ధ్రువీకరణ నియమముల ప్రకారము నూటికి మిరప 60, బెండ 65, టమాట, వంగ 70 మొలచిన చాలును. అనగా నియమమునకు సరిపడిన మిరప విత్తులోనే నూటికి నలుబది మొలవకపోవచ్చును. ఆ లెక్కయు ప్రయోగశాలలో, తగిన తడి, తగిన వేడి నడుమ తేలినది. మడిలో విత్తునకు మఱికొన్ని గండములు కలవు.

తెలంగాణము, రాయలసీమలందలి ఎఱ్ఱ చల్కలను చూడుడు. వీనిలో సేంద్రియ పదార్థము తక్కువ. జడివాన చినుకులు మట్టిని చిదిపి సన్నని రేణువులను పైన పఱచును. తరువాతి యెండకు ఆ పొర అట్టగట్టును. బెండ, అలచందల మొలక వంగిన మెడతో పప్పుబద్దలను మోసికొని పైకి రావలెను. అట్టక్రింద చిక్కిన మొలక మెడ విఱుగును. మిరప, టమాట వంటి చిన్న విత్తునకు తనలోని కొద్దిపాటి యాహారము ఆ పెనగులాటలోనే తీరిపోవును.

నల్లరేగడిలో గండము వేఱు. నీరు నిలిచినచో వేరునకు గాలి యందదు. నారు మొదలు మెత్తబడి నేలకొఱుగును. నారుకుళ్ళు తెగులన్న దిదియే. నేలలోని శిలీంధ్రములు దీనికి కారణము. ఒత్తుగా చల్లిన తడిమడి వానికి పుట్టినిల్లు. ఇక చవుడు నేలలలో నీరున్నను ఉప్పు దానిని విత్తునకు అందనీయదు. కాలువల తడి యాఱుకొలది ఉప్పు బోదె నెత్తిన చేరును గనుక, అచ్చట విత్తు నెత్తిన గాక ప్రక్కవాలున పెట్టుట మేలు.

2015లో కేంద్రప్రభుత్వము భూసార పత్రముల పథకమును ప్రారంభించినది. అది మెచ్చదగిన పని. ఆ పత్రమున 12 అంశములు కలవు: నత్రజని, భాస్వరము, పొటాషు మొదలుకొని జింకు, బోరాను వఱకు పోషకములు, ఆమ్లక్షార గుణము, లవణము, సేంద్రియ కర్బనము. కాని ఆ నేల వానకు అట్టగట్టునా, నీరు నిలుచునా, దున్నిన పెళ్ళ నలుగునా యను ప్రశ్నలకు పత్రము సమాధానము చెప్పదు. పెరిగిన మొక్క యాహారమును లెక్కించిన పత్రము, పుట్టబోవు మొక్క మార్గమును మఱచినది. ఈ లోపమును దిద్దవలయునని మేము కోరుచున్నాము. గ్రామములకు వచ్చు వ్యవసాయోద్యోగులు మట్టి నమూనా తీసికొని పోవుటతో సరిపెట్టక, మడి వద్ద నిలిచి మట్టిని చేతబట్టి చూడవలయును.

ప్రభుత్వము మేలుకొను వఱకు రైతు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. నారుమడిని జానెడెత్తు పోసి, మీటరు వెడల్పునకు మించనీయక, బాగుగా మాగిన పశువుల యెరువు కలుపవలెను. చిన్న విత్తును అరసెంటీమీటరు మొదలు ఒక సెంటీమీటరు లోతున వరుసలుగా పలుచగా వేసి, వరిగడ్డి కప్పి, సన్నని జల్లుగా తడుపవలెను. మొలక కనబడగానే గడ్డి తీసివేయవలెను. పచ్చి పెంట మాత్రము వేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి. మడి పోయుటకు ముందే నూఱు విత్తులను తడిగుడ్డలో మూటగట్టి, ఆఱనీయక మొలకలను లెక్కింపుడు. గుడ్డలో మొలవనిచో తప్పు విత్తుది. రసీదు, ఖాళీ పొట్లము, మిగిలిన విత్తు చేతబట్టి నిలదీయుడు. గుడ్డలో మొలచి మడిలో మొలవనిచో ముందుగా నేలను విచారింపుడు. సంకరజాతి మిరప విత్తనమును పదేసి గ్రాముల పొట్లముగా కొనుచున్న యీ దినములలో, నూఱు విత్తుల పరీక్షకు వెనుదీయుట పొదుపు కాదు. అప్పుచేసి తెచ్చిన విత్తును పరీక్షింపని మడిలో పోయుట సేద్యము కాదు, జూదము.

దేశము తన కూడు తాను పండించుకొనుట స్వాతంత్ర్యమునకు పునాది. ఆ పునాది వేళ్ళూనవలసినది మన కాలిక్రింది మట్టిలోనే. దానిని తల్లియని కీర్తించుట చాలదు, ఎఱిగి సేవింపవలయును.