చెప్పుల కాపలా ఇక చాలు

నదికో, చెరువుకో, సముద్రానికో ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లినప్పుడు ఒక్కసారి గమనించండి. మగవాళ్లు చొక్కాలు విప్పి నీళ్లలోకి దిగిపోతారు. పిల్లలు వాళ్ల వెనకాలే పరిగెడతారు. ఒడ్డున చెప్పులు, వాచీలు, పర్సులు, సెల్‌ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదెవరు? అమ్మ. కాకపోతే అత్తమ్మ. అదీ కాదంటే కొత్త కోడలు. "నాకు నీళ్లంటే భయం, మీరెళ్లండి" అంటుంది. నిజంగా భయమేనా, తడిసిన చీరతో అంతమందిలో నడవాలంటే సిగ్గా, ఎవరూ అడగరు. ఆమె కూడా తనను తాను అడుక్కోదు.

ఈ మాట నాకు గట్టిగా తట్టింది కాటారం ఆడవాళ్లతో లక్నవరం వెళ్లినప్పుడు. కాటారం తెలియనివాళ్లకు చెప్తాను. మంథని నుంచీ, భూపాలపల్లి నుంచీ కాళేశ్వరం వెళ్లే దారులు కలిసే ఊరు. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. పుష్కరాలొస్తే రాష్ట్రమంతా ఈ ఊరి మీదుగానే గోదావరికి పోతుంది. అయినా అక్కడి ఆడవాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని నేనడిగితే సంఘంలో అందరూ నవ్వారు. ఈత మగపిల్లలు బావిలో నేర్చుకునేదట.

కార్తీకమాసం. పత్తి ఏరే రోజులు. ఒక రోజు పోతే ఒక రోజు కూలి పోతుంది. అంగన్‌వాడీ టీచరు, టైలరింగ్ చేసే ఆమె, కిరాణా కొట్టు నడిపే ఆమె, పత్తి చేలకు పోయే అక్కాచెల్లెళ్లిద్దరు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి, అందరికీ పెద్దమ్మ అయిన ఒక డెబ్బై ఏళ్లావిడ, నేను. మొత్తం ఎనిమిది మందిమి. వనభోజనాలంటే ఇళ్లల్లో ఎవరూ ఏమీ అనలేదు. లక్నవరం అనగానే మొదలైంది. "అక్కడ ఏం దేవుడున్నడు?" అని ఒకాయన అడిగాడట భార్యని.

ఆ ప్రశ్న విని నవ్వుకున్నాం కానీ, ఆలోచిస్తే అందులోనే ఉంది విషయమంతా. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. వేములవాడ, యాదగిరిగుట్ట, కాళేశ్వరం బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. మంచిదే. దేవుడి పేరున అయినా కాలు బయటపెడుతున్నారు. అయితే ఆడది గడప దాటాలంటే దేవుడో, చుట్టమో, ఆస్పత్రో ఉండాల్సిందేనా? ఊరికే నీళ్లు చూడాలనిపించింది, పోయొస్తా అంటే కుదరదా? ఇంట్లో మగవాళ్లను ఇలా నిలదీసి అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లు సాయంత్రం చెరువు గట్టుకు పోయొస్తే కారణం ఎవరు చెప్తారు?

చిన్న గుంపుగా పోవడంలో ఒక సుఖముంది. పెద్ద బస్సు మాట్లాడితే వంటమనిషి, మైకు, పిల్లల గొడవ అన్నీ వస్తాయి. ఎనిమిది మందికి ఒక తుఫాన్ బండి చాలు. తలా కొంత వేసుకున్నాం. అన్నం వండుకుని మోసుకుపోదామని టీచరమ్మ అంటే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారి నాలుగింటికి లేచి పొయ్యి ముట్టిస్తే ఇక సెలవెక్కడిది? పులిహోర ఒక్కటే కలిపి, మిగతాది దారిలో కొనుక్కున్నాం. ఈ నిర్ణయానికి ఎంత చర్చ జరిగిందో చెప్తే మీరు నమ్మరు!

భూపాలపల్లి, గణపురం దాటి పాలంపేట రామప్ప గుడి దగ్గర కాసేపు ఆగాం. 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక అక్కడ జనం పెరిగారు. (దేవుణ్ని అడిగినాయనకు ఇంటికెళ్లాక సమాధానం దొరికింది లెండి.) చల్వాయి దాటి, బుస్సాపూర్ మీదుగా లోపలికి తిరిగితే లక్నవరం. 13వ శతాబ్దంలో కాకతీయులు గుట్టల మధ్య కట్ట వేసి నీళ్లు నిలిపారు. ఇప్పటికీ ఆ నీళ్లతో పొలాలు పారుతున్నాయి. నీళ్లలో మునగకుండా మిగిలిన గుట్టల తలలే ఇవాళ మనం చూసే దీవులు. వాటికి వేలాడే వంతెనలు వేశారు, పడవలు నడుపుతున్నారు.

పడవ దగ్గరికి రాగానే పెద్దమ్మ ఆగిపోయింది. "నేనీడనే కూసుంట బిడ్డా. మీ సంచులు సూస్త." అదే పాత మాట! టైలరమ్మ ఊరుకోలేదు. "సంచులు యాడికి వోతయి పెద్దమ్మా, బండిల వెట్టి తాళం ఏద్దాం. నువ్వు నడువు" అని చెయ్యి పట్టుకుంది. ఎక్కింది. కళ్లు మూసుకుని కూర్చుంది. సగం దూరం పోయాక మెల్లగా కళ్లు తెరిచి, పడవ అంచు మీద నుంచి వేళ్లు నీళ్లలో పెట్టింది. కాసేపయ్యాక అంది కదా, "పదేండ్ల పిల్లప్పటి సంది నీళ్లు మోస్తున్న. నీళ్లు నన్ను మోసుడు ఇదే మొదలు." మేమెవరమూ మాట్లాడలేదు. బోరింగు నుంచి, బావి నుంచి, వాగు నుంచి నెత్తి మీద బిందెలు మోసిన మెడలు మా పడవలో ఇంకా కొన్ని ఉన్నాయి మరి.

పడవ ఎక్కేముందు అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. వేసుకోవడానికే పెద్ద తంతు. ఒకరికి కొంగు అడ్డం, ఒకరికి వాసన, ఒకరికి చీర నలుగుతుందని బాధ, ఇంకొకరికి ఫొటోలో లావుగా కనిపిస్తామని. డిగ్రీ అమ్మాయే అందరికీ బకిల్స్ బిగించింది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నీళ్ల భయం మనకు ఊరికే రాలేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ పడవలో కాజీపేట పక్కనే ఉన్న కడిపికొండ వాళ్లూ ఉన్నారు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడింది. అదీ కార్తీకమాసమే, విహారానికి వచ్చినవాళ్లే. 2025 జూన్‌లో కాటారానికి దగ్గర్లోనే, మేడిగడ్డ వద్ద గోదావరిలో స్నానానికి దిగిన ఆరుగురు కుర్రాళ్లు మునిగిపోయారు. ఇవన్నీ విన్న తల్లి "వద్దు బిడ్డా" అనక ఏమంటుంది?

ఆ తల్లి భయాన్ని నేను తప్పు పట్టను. కానీ భయపడి ఒడ్డున కూర్చుంటే ప్రాణం దక్కుతుందన్న నమ్మకం మాత్రం నిజం కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో ఒక నివేదిక ఇచ్చింది. ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో, మన పక్క రాష్ట్రం తమిళనాడులోని కడలూరులో, తాము చూసిన ఊళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే చాలా ఎక్కువమంది చనిపోయారని చెప్పింది. ఎందుకు? చాలామందికి ఈత రాదు, చెట్లెక్కడం రాదు. పిల్లల్ని, ముసలివాళ్లను వదిలి పరిగెత్తలేకపోయారు. వేటకు పోయిన మగవాళ్ల పడవల కోసం ఒడ్డున ఎదురుచూస్తూ నిలబడ్డవాళ్లున్నారు. ఒడ్డున కాపలా ఉన్నవాళ్ల దగ్గరికే నీళ్లు వచ్చాయి.

ఇంకో ముచ్చట. అమెరికాలో కూతురి దగ్గరికి, కొడుకు దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మలు ఇప్పుడు మన ఊళ్లల్లోనూ ఉన్నారు. సెలవుల్లో పిల్లలు వాళ్లను కరీబియన్ దీవులకు తీసుకుపోతున్నారు. అక్కడ పొద్దున్నే పది పన్నెండు మందిని చిన్న పడవలో ఎక్కించుకుని, ఒక దీవికి తీసుకెళ్లి సాయంత్రానికి తెచ్చి దింపే యాత్రలు ఉంటాయి. సెయింట్ క్రోయి దీవి పక్కన బక్ ఐలాండ్ అలాంటిదే. 1961 నుంచి అది రక్షిత ప్రాంతం. నీళ్లలో పగడపు దిబ్బల మధ్య ఒక దారి ఉంది, ఏది ఏమిటో చెప్పే పలకలు సముద్రం అడుగున పెట్టారు. కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ కింద చేపల్ని, పగడాలని చూస్తూ పోవడమే. దాన్నే స్నార్కెలింగ్ అంటారు. లోతుకు మునగనక్కరలేదు. జాకెట్ వేసుకుని కూడా చేయొచ్చు. పగడాలకు హాని చేసే కొన్ని రకాల సన్‌స్క్రీన్ క్రీములను 2020 నుంచి ఆ దీవుల్లో నిషేధించారు.

నాకు తెలిసిన ఒకావిడ అలాంటి యాత్రకు వెళ్లొచ్చి ఫొటోలు చూపించింది. అల్లుడు నీళ్లలో, కూతురు నీళ్లలో, మనవడు నీళ్లలో. "మీరేరండీ?" అన్నాను. "నేనే తీశాను కదా ఫొటోలు! బ్యాగులు నా దగ్గరే ఉన్నాయి" అంది. ఏడు సముద్రాలు దాటినా చెప్పుల కాపలా తప్పలేదన్నమాట!

అంత దూరం పోనవసరం లేదు. అండమాన్‌లో నార్త్ బే, జాలీబాయ్, స్వరాజ్ ద్వీప్ అని ఇప్పుడు పేరు మారిన హేవ్‌లాక్, ఇవన్నీ స్నార్కెలింగ్‌కి పేరున్నవే. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు బోలెడుమంది. అక్కడ ఈత రానివాళ్లను గాలి ట్యూబు పట్టుకోమని, గైడు పక్కనే ఉండి తీసుకెళ్తాడు. మన లక్నవరంలో మాత్రం అది కుదరదు. అది చెరువు. నీళ్లలో అడుగు కనపడదు, ఎక్కడ లోతో తెలియదు. అక్కడ పడవ చాలు. మనం నేర్చుకోవాల్సిన చోటు వేరు.

వయసు దాటిందంటారా? గోలి శ్యామల పేరు వినే ఉంటారు. మన తెలుగావిడ. నీళ్లంటే భయం పోగొట్టుకోవాలని పెద్దయ్యాక ఈత నేర్చుకుంది. 2021 మార్చిలో, నలభై దాటిన వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని పదమూడు గంటలకు పైగా ఈది దాటింది. మనల్ని అంత చేయమని ఎవరూ అనడం లేదు. వెల్లకిలా తేలడం ఒక్కటి వస్తే చాలు, సాయం అందేదాకా ప్రాణం నిలుస్తుంది. అది నేర్చుకోవడానికి నడుములోతు నీళ్లు, నేర్పే మనిషి, కొన్ని రోజుల ఓపిక కావాలి.

హనుమకొండలాంటి పట్టణాల్లో ఈతకొలనులున్నాయి. ఆడవాళ్లకు విడిగా గంట, ఆడ కోచ్ ఉన్నారా అని అడగండి. లేకపోతే పదిమంది కలిసి వెళ్లి కావాలని అడగండి. ఒక్కరు అడిగితే "చూద్దాం" అంటారు, పదిమంది ఫీజు కడతామంటే లెక్కలేసుకుంటారు. ఒంటిని పూర్తిగా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి, కాబట్టి ఆ సాకు కూడా లేదు. నూలు చీర మాత్రం ఈతకు పనికిరాదు. తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది.

పడవ ఎక్కేటప్పుడు కొంగు నడుముకు బిగించి, దాని మీద జాకెట్ వేసుకోండి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. పిల్లలకు పిల్లల సైజే అడగండి, పెద్దది తొడిగితే అందులోంచి జారిపోతారు. ఫొటో కోసం విప్పవద్దు. ఎక్కినవాళ్లను లెక్కపెట్టండి, జాకెట్లను లెక్కపెట్టండి. తక్కువైతే దిగిపోండి. ఇంకో చోట ఒక పడవాయన నాతో "ఏం కాదమ్మా, రోజూ తిప్పుతాం" అన్నాడు. రోజూ తిప్పేవాడికి ఈత వచ్చు, నాకు రాదు కదా! దిగిపోయాను. నా వెనకాల ఇంకో నలుగురు దిగారు. అప్పుడు ఎక్కడినుంచో జాకెట్లు బయటికొచ్చాయి.

2027లో గోదావరి పుష్కరాలు. కాళేశ్వరానికి మళ్లీ లక్షలమంది వస్తారు, అందులో సగానికి సగం ఆడవాళ్లే. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు వెళ్లొచ్చిన వాళ్లు, అక్కడ మీకేం ఇబ్బంది అనిపించిందో గుర్తుచేసుకోండి. బట్టలు మార్చుకునే గదులు ఎన్ని కావాలి, పట్టుకోవడానికి గొలుసులు, ఇనుప కడ్డీలు ఎక్కడ కావాలి, లోతు ఎక్కడ మొదలవుతుందో తెలిపే గుర్తులు ఎలా ఉండాలి, ఆడ గజ ఈతగాళ్లను పెడతారా లేదా? ఘాట్ల కొలతలు కాగితం మీద ఉన్నప్పుడే ఇవి చెప్పాలి. కాటారం, మహాదేవపూర్ సంఘాల వాళ్లు ఈ ప్రశ్నలు రాసి, సంతకాలు పెట్టి, కలెక్టరమ్మకైనా కలెక్టరుగారికైనా ఇప్పుడే ఇచ్చి రండి. ఒక నకలు మా పేజీకీ పంపండి.